రెండో కొవ్వొత్తి

"వాళ్ళొచ్చే వేళయింది. ఆ మొహం కాస్త కడుక్కో," అన్నారు అత్తగారు.

కోడలు కదల్లేదు. ఒళ్ళో ఉన్న బల్లగుడ్డ మడతలు విప్పి, మళ్ళీ పెట్టింది.

"కడుక్కుంటే ఏం మారుతుంది అత్తయ్యా?"

"మారడానికి కాదు. నీ ఆడపడుచు పిచ్చుక చూస్తే ఏమైందని అడుగుతుంది. అడిగితే నువ్వు అబద్ధం చెప్పలేవు. నీ సంగతి నాకు తెలుసు."

"మీరు చెప్పగలరా?"

"నన్నెవరూ అడగరు," అన్నారు అత్తగారు.

ఆవిడ ఆస్పత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైన మనిషి. వార్డులో ఎవరు పోయినా ఆ కబురు బయట కూర్చున్నవాళ్ళకి చెప్పే పని ఆవిడదే. కబురు ఎలాంటిదైనా గొంతు మాత్రం ఒకే ఎత్తులో ఉంటుంది. ఇంట్లోనూ అంతే.

హాల్లో బల్ల దగ్గర మామగారు ఇనుప చక్రానికి ఆకులు చుడుతున్నారు. అది లిఫ్టు కప్పీకుండే పాత చక్రం. తీసి పారేసినదాన్ని కొడుకు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటికి మోసుకొచ్చాడు. అప్పటినుంచీ ప్రతి ఆగమన కాలంలోనూ దానిమీదే నాలుగు కొవ్వొత్తులు నిలబెడతారు. మూడు ఊదారంగువి, ఒకటి గులాబీది. క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో వారానికొకటి వెలిగించాలి. ఒకటి ఇప్పటికే కొంత కరిగి పొట్టిదైంది. దాని పక్కనున్న రెండోది ఇవాళ్టిది.

"ఈ వారం వద్దులెండి," అంది కోడలు. "జ్వరమనో ఏదో చెప్పి రావద్దందాం. మన నలుగురం వాక్యం చదువుకుందాం."

"రమ్మని పిలిచింది నేను. నేనెందుకు వద్దంటాను?"

"ఎందుకు పిలిచారు?"

 కిటికీ అద్దం మీద ఏదో మరక కనబడితే అత్తగారు చీర చెంగుతో రుద్దారు.

"నా కూతురు. పండగ ముందు నా ఇంటికి రావద్దా?"

చాలా ఇళ్ళల్లో ఆగమన ఆదివారం అంటే వాక్యం, పాట, కొవ్వొత్తి. ఈ ఇంట్లో మరొకటుంది. అత్తగారి తల్లి పెట్టిన పద్ధతి. వెలిగించేవాళ్ళు ముందు తమ వల్ల జరిగిన తప్పొకటి అందరి ఎదుటా చెప్పాలి. వింటున్నవాళ్ళు ఒక్కొక్కరే "విన్నాను" అనాలి. మందలింపు లేదు, ఓదార్పు లేదు. అందరూ అన్నాక అగ్గిపుల్ల గీస్తారు. అక్కడితో సరి. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. కోపంలో దెప్పకూడదు, బయట అనకూడదు.

కొత్తగా కాపరానికొచ్చినప్పుడు కోడలికి ఇది ఎంతో నచ్చింది. వాళ్ళ పుట్టింట్లో ఒకరి తప్పులు ఒకరు ఏళ్ళ తరబడి దాచుకుని సమయం చూసి బయటికి తీసేవాళ్ళు. ఇక్కడ తప్పులు కూడా చిన్నచిన్నవి. చర్చిలో ప్రసంగం జరుగుతుంటే నిద్రపోయాననీ, అదీ కావాలనేననీ ఒక ఏడాది మామగారు చెప్పారు. "విన్నాను" అనడానికి నవ్వు ఆపుకోలేక అందరూ అవస్థపడ్డారు.

పోయిన ఆదివారం ఆమె భర్త చెప్పినదానికి ఎవరూ నవ్వలేదు.

అతనూ, పిచ్చుక మొగుడూ ఒకే కంపెనీలో లిఫ్టు మెకానిక్కులు. ఎప్పుడూ జంటగానే పనికి వెళ్తారు. ఆ ఆదివారానికి ముందురోజు సాయంత్రం ఒక పెద్ద భవనంలో పని. రెండో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచిపెట్టి, అటు ఎవరూ రాకుండా వరండా మలుపులో పసుపుపచ్చ బోర్డు అడ్డంపెట్టి, పిచ్చుక మొగుడు అడుగున గోతిలోకి దిగాడు. బోర్డు పెట్టినవాడే తీయాలి. అది వాళ్ళ పనిలో మొదటి పాఠం. పైన పని ముగించుకుని సామాన్లతో మెట్లు దిగుతున్న ఇతను, అంతా అయిపోయిందనుకుని, తలుపు మూసి ఉందో లేదో చూడకుండా, ఆ బోర్డు చంకన పెట్టుకుని వెళ్ళి వ్యానులో పడేశాడు. తొందర. చీకటి పడేలోపు చర్చి కంచెలో కొమ్మలు కోయాలి, మర్నాడు చక్రానికి చుట్టడానికి.

కరెంటు తీసేసిన ఆ వరండాలో ఊడ్చే ఆవిడ, నేల తుడుచుకుంటూ, అలవాటు ప్రకారం వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వచ్చింది.

ప్రాణం పోలేదు. నడుము విరిగింది. ఇక నడవదంటున్నారు.

బోర్డు పెట్టాల్సిన మనిషి ఎవరని కంపెనీ అడిగింది. పిచ్చుక మొగుణ్ణి పనిలోంచి ఆపింది. కొమ్మలు చివరికి మామగారే వెళ్ళి కోసుకొచ్చారు.

* * *

భర్త వంటింటి తలుపు బందు బిగిస్తున్నాడు. ఈ వారమంతా ఇంట్లో విరిగినవీ విరగనివీ బాగుచేస్తూనే ఉన్నాడు.

"ఇవాళైనా చెప్తారా?" అంది ఆమె, గొంతు తగ్గించి.

"చెప్పానుగా."

"మాకు చెప్పారు."

"దేవుడికి చెప్పాను."

"దేవుణ్ణి పనిలోంచి ఆపలేదండీ. మీ బావని ఆపారు."

స్క్రూడ్రైవర్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది.

"నీకేం, ఎన్నైనా అంటావు. నా ఉద్యోగం పోయి, కేసు నా మీదకొస్తే ఈ ఇంట్లో అందరూ ఏం తింటారు?"

"వాళ్ళిద్దరూ ఏం తింటారు?"

"అతను చిన్నవాడు. ఎక్కడైనా చేరతాడు. ఎలాగో బతుకుతారు."

పొద్దున అత్తగారు అన్నదీ ఇదే. మాట మార్చకుండా. ఆవిడ దగ్గర్నుంచి అతను నేర్చుకున్నాడో, అతని దగ్గర్నుంచి ఆవిడ నేర్చుకుందో ఆమెకు అర్థం కాలేదు.

"రేపే కదండీ విచారణ."

"విచారణ చేసేవాళ్ళకి కళ్ళున్నాయి. నిజమేదో వాళ్ళే తేలుస్తారు. నిర్లక్ష్యం లేదని తేలితే అతన్ని వదిలేస్తారు."

"తేలకపోతే?"

అతను తలుపు ఇటూ అటూ తిప్పి చూశాడు. చప్పుడు రాలేదు. తృప్తిగా తలూపాడు.

పోయిన ఆదివారం రాత్రి అతను ఆ మాట చెప్పి, మూడు వైపులనుంచీ "విన్నాను" అనిపించుకుని, కొవ్వొత్తి వెలిగించి, పడుకున్న వెంటనే నిద్రపోయాడు. ముందురోజు రాత్రంతా కన్ను మూయని మనిషి గుర్రుపెట్టి నిద్రపోయాడు. బోర్డు తీసినందుకు ఎప్పటికైనా క్షమించగలనేమోగానీ, ఆ నిద్రను మాత్రం క్షమించలేననిపించింది ఆమెకు.

వీధి తలుపు చప్పుడైంది.

* * *

"ఏమర్రా, ఇల్లంతా ఇంత నిశ్శబ్దంగా ఉందేంటి? నేను రాకపోతే మీరు మాట్లాడుకోవడం కూడా మానేస్తారా?" అంటూ వచ్చింది పిచ్చుక. చిన్నప్పుడు నోరు మూసేది కాదని తండ్రి పెట్టిన పేరు. అసలు పేరు ఇంట్లో ఎవరూ వాడరు.

వెనకే ఆమె మొగుడు పళ్ళ సంచీ పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోంచే "మేట్రన్‌గారూ, పేషెంటొచ్చాడు, మంచం ఖాళీ ఉందా!" అని అరిచే మనిషి. ఇవాళ చెప్పులు విప్పి, వాటిని గోడవారగా సర్ది, "బాగున్నారా అత్తయ్యా?" అన్నాడు. చొక్కా మెడ దగ్గర వదులైంది.

"రా బావా," అన్నాడు కోడలి భర్త. చేయి చాపాడు. ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. పిచ్చుక మొగుడు ఆ చేతిని మామూలుకన్నా కాస్త ఎక్కువసేపు వదల్లేదు.

"ఈయన ఇంట్లో ఉండేసరికి మా గిన్నెలన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి వదినా," అంది పిచ్చుక, వంటింట్లోకి వస్తూ. "తోమినవే తోముతున్నారు. నిన్న నేను ఇంకా తింటుంటేనే కంచం లాక్కుపోయారు."

కోడలు నవ్వబోయింది. రాలేదు.

"నీకేమైంది? కళ్ళు అలా ఉన్నాయేం?"

"పొగ పట్టింది," అంది కోడలు. గ్యాసు పొయ్యి ముందు నిలబడి ఆ మాటంది. పిచ్చుక పొయ్యి వంక చూసి గిన్నెలు అందుకుంది.

పిచ్చుక మొగుడు మంచినీళ్ళకని వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

"ఆస్పత్రికి వెళ్తున్నావా తమ్ముడూ?" అని అడిగింది కోడలు. అడిగాక, ఎందుకడిగానా అనుకుంది.

"రోజూ వెళ్తున్నానక్కయ్యా. తిడుతుందేమో, తిడితే బాగుండుననుకుని వెళ్ళాను. తిట్టలేదు. కాళ్ళమీద దుప్పటుందా, కాస్త చూసి చెప్పు నాయనా అంది." గ్లాసు బోర్లించి, మళ్ళీ నిలబెట్టాడు. "ఉందమ్మా అన్నాను. అప్పటినుంచీ నేనెప్పుడు వెళ్ళినా అదే అడుగుతుంది."

* * *

చీకటి పడుతుండగా హాల్లో దీపాలు తీసేశారు. అందరూ చక్రం చుట్టూ కూర్చున్నారు. మామగారు వాక్యం చదివారు. రెండో ఆదివారం సమాధానం కోసం, అంటే శాంతి కోసం. చదివేటప్పుడు ఆయన ఎప్పుడూ లేని విధంగా రెండు చోట్ల తడబడ్డారు.

మొదటి కొవ్వొత్తి మళ్ళీ వెలిగించడానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. అత్తగారు దాన్ని వెలిగించి, అగ్గిపెట్టె మామగారి ముందుకు జరిపారు.

"ఈ వారం మీరు కానివ్వండి. ఏదో ఒకటి చెప్పేయండి."

"అత్తయ్యా, ఈ వారం నేను వెలిగిస్తాను," అన్నాడు పిచ్చుక మొగుడు.

అత్తగారి చేయి అగ్గిపెట్టె మీదే ఉండిపోయింది.

"అల్లుళ్ళు వెలిగించే ఆనవాయితీ లేదు బాబూ."

"ఎందుకు లేదమ్మా?" అంది పిచ్చుక. "వదిన వెలిగించలేదూ? కోడలికి ఉన్నది అల్లుడికి లేదా? పాపం వారం నుంచీ ఆయన ఇదే తలుచుకుంటున్నారు. ఇవాళ ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నదే ఇందుకు."

అత్తగారు కొడుకు వంక చూడలేదు. కోడలు చూసింది. అతను ఆకుల్లోంచి ఒకటి తుంచి, మధ్య ఈనె వెంట సన్నగా చీలుస్తున్నాడు.

"సరే," అన్నారు అత్తగారు.

పిచ్చుక మొగుడు అగ్గిపెట్టె తీసుకున్నాడు. పుల్ల తీసి, గీయకుండా వేళ్ళమధ్య పట్టుకున్నాడు.

"బోర్డు పెట్టాననే నేను అనుకుంటూ వచ్చాను. ఎంత ఆలోచించినా పెట్టినట్టే గుర్తొస్తుంది. ఎడంచేత్తో ఎత్తి, మలుపులో పెట్టి, కాలితో కాస్త జరిపినట్టు కూడా గుర్తు. కానీ తర్వాత చూస్తే అది వ్యానులో ఉంది. వ్యానులో ఉందంటే నేను దాన్ని అసలు పైకి తేనేలేదన్నమాట. ఎన్నోసార్లు పెట్టిన చెయ్యి కదా, వేరే ఏ రోజుదో గుర్తు తెచ్చుకుని ఆ రోజుదనుకుంటున్నాను." గొంతు సవరించుకున్నాడు. "మనసు నన్ను మోసం చేస్తోంది. తప్పించుకోవడానికి నేనే దానికి నేర్పుతున్నాను. బోర్డు పెట్టలేదు. ఆవిడ కాళ్ళు నేనే తీసేశాను. అంతే."

కొవ్వొత్తి మంట ఒక్కటే కదులుతోంది.

"విన్నాను," అంది పిచ్చుక ముందుగా. మోకాళ్ళ మీద మొహం పెట్టుకుంది.

"విన్నాను," అన్నారు అత్తగారు. వార్డు గొంతు.

మామగారు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. "విన్నాను" అన్నది ఊపిరితో కలిసి వచ్చింది.

కోడలు భర్త వైపే చూస్తోంది. ఇప్పుడు చెప్తాడు. ఇంతకన్నా సులువైన చోటు అతనికి మళ్ళీ దొరకదు. చీకటిగా ఉంది. అందరూ అయినవాళ్ళే. ఒక్క మాట చాలు. ఆమె తన ఊపిరిని కూడా అడ్డు తప్పించింది.

"విన్నాను బావా," అన్నాడతను.

ఆ ఒక్క మాటకు వెనక ఇంకో మాట తగిలించడం కూడా పద్ధతి కాదు. అయినా అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు.

ఇక మిగిలింది ఆమె. పిచ్చుక మొగుడు పుల్ల పెట్టెకు ఆనించి ఎదురుచూస్తున్నాడు.

"అక్కయ్యా?" అన్నాడు.

అందరూ ఆమె వైపు తిరిగారు. పిచ్చుక కూడా తలెత్తింది. నువ్వు కూడా మమ్మల్ని వదిలేస్తావా అని అడుగుతున్నట్టున్నాయి ఆ కళ్ళు. వద్దు, ఇలా కాదు, ఇప్పుడు కాదు, తర్వాత వాళ్ళిద్దర్నీ పక్కకి పిలిచి మెల్లిగా, అనుకుంది కోడలు.

"విన్నాను."

అతను పుల్ల గీశాడు.

* * *

భోజనాల దగ్గర పిచ్చుక మొగుడు అడిగి మరీ వడ్డించుకున్నాడు.

"ఇన్నాళ్ళకి ఆకలి తెలుస్తోంది మేట్రన్‌గారూ."

పిచ్చుక నవ్వింది. అత్తగారు అతని కంచంలో మరికాస్త వేశారు. వద్దంటున్నా వేశారు.

"రేపు విచారణలో ఏం చెప్తావు?" అని అడిగారు మామగారు. ఆయన తినడం లేదు.

"మా యూనియన్ ఆయన గుర్తులేదని చెప్పమన్నాడు మామయ్యా. గుర్తులేదంటే సాగుతుందట. ఇక అలా ఎందుకు? ఇక్కడ చెప్పిందే అక్కడా చెప్తాను. నా మాట నేను బయట చెప్పుకోవచ్చు కదా, అత్తయ్యా? అది తప్పు కాదు కదా?"

"నీ మాట నీ ఇష్టం," అన్నారు అత్తగారు.

"ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందేమో," అంది పిచ్చుక.

"పోతుంది. కేసు కూడా నడుస్తుంది. నడవనీ. గోడకి బల్లిలా అతుక్కుని ఎన్నాళ్ళు ఉంటాను పిచ్చుకా? నీతో కూడా మాట్లాడలేకపోతున్నాను."

"నేనూ వస్తాను బావా," అన్నాడు కోడలి భర్త. "ఒక్కడివే వెళ్ళడమెందుకు? రాత్రికి ఇక్కడే ఉండండి. పొద్దున కలిసే వెళ్దాం."

 అన్నంచెయ్యి కావడంతో పిచ్చుక మొగుడు మోచేత్తోనే బావ భుజాన్ని తాకాడు.

కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. తొట్టిలో కుళాయి తిప్పి, కింద గిన్నె ఏదీ పెట్టకుండా నిలబడింది. వెనకే అత్తగారు వచ్చి కుళాయి కట్టేశారు.

"నా కూతురి బతుకు నాకు తెలియదనుకుంటున్నావా?" అన్నారు, ఆమె చెవి దగ్గర.

"తెలిసే చేస్తున్నారు."

"ఇద్దర్లో ఒకణ్ణి ఎంచుకోమన్నాడు దేవుడు. నన్నడిగి పెట్టాడా ఈ పరీక్ష?"

"ఎంచుకోమనలేదు అత్తయ్యా. నిజం చెప్పమన్నాడు."

"నీకు పిల్లల్లేరు," అన్నారు అత్తగారు. ఆ మాటతో చాలాసార్లు చాలా గొడవలు ముగిశాయి ఆ ఇంట్లో. ఇదీ ముగిసింది.

* * *

పొద్దున ఇద్దరూ తయారయ్యారు. పిచ్చుక మొగుడు బావ చొక్కా ఒకటి అడిగి వేసుకున్నాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా. అతను ముందుగా వీధిలోకి దిగాడు.

కోడలు గుమ్మం దగ్గర భర్తను ఆపింది.

"అక్కడైనా చెప్తారా?"

అతను ఆశ్చర్యంగా చూశాడు. నిజంగానే ఆశ్చర్యంగా.

"నేనేం చెప్పాలి? అతనే చెప్తున్నాడుగా," అన్నాడు.

ఆ చూపులో మోసం లేదు. అదే ఆమెను భయపెట్టింది. వారం రోజుల్లో ఆ బోర్డు అతని చంకలోంచి జారిపోయి, నిజంగానే ఇంకొకరి చేతుల్లోకి వెళ్ళిపోయింది.

ఇద్దరూ మాట్లాడుకుంటూ వీధి చివరికి నడిచారు. పరిగెత్తి వెళ్ళి పిలవచ్చు. చెప్పులు కూడా గుమ్మంలోనే ఉన్నాయి. వాళ్ళు మలుపు తిరిగారు.

ఆమె లోపలికొచ్చి పక్కలు మడిచింది. నేల ఊడ్చింది. అంట్లు తోమడానికి కూర్చుంది. పిచ్చుక పక్కన చేరి, తోమినవి అందుకుని తుడుస్తోంది. సన్నగా కూనిరాగం.

"రాత్రి ఎంత బాగా నిద్రపోయారో తెలుసా వదినా. నేను మధ్యలో లేచి చూశాను. నోరు తెరుచుకుని మరీ!"

కోడలి చేతిలోంచి గరిట జారింది.

"పిచ్చుకా. బోర్డు మీ ఆయన పెట్టాడు."

"ఏంటి?"

"పెట్టాడు. ఎడంచేత్తో ఎత్తి, కాలితో జరిపి, ఎలా గుర్తుందో అలాగే పెట్టాడు. తీసింది మీ అన్నయ్య."

పిచ్చుక ముందు నవ్వింది.

"అదేంటి వదినా? రాత్రి ఆయనే చెప్పారుగా. నువ్వూ విన్నావు."

"పోయిన వారం మీ అన్నయ్య చెప్పాడు. అదీ విన్నాను."

నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కింద ఏమీ లేకుండా.

"అన్నయ్యతో ఏమైనా గొడవపడ్డావా?" అంది మెల్లిగా. "నిన్నటినుంచీ చూస్తున్నాను, మీ ఇద్దరికీ మాటల్లేవు. ఎంత కోపమొచ్చినా ఇలాంటి మాట అనకు వదినా. వాడు ఆయన కోసం పని మానుకుని తోడు వెళ్ళాడు."

"అందుకే చెప్తున్నాను."

"అమ్మా!" పిచ్చుక తడి చేతులతోనే హాల్లోకి వెళ్ళింది. కోడలు వెనకే నడిచింది. "అమ్మా, వదిన ఏమంటోందో విను. పోయిన వారం అన్నయ్య ఏం చెప్పాడు?"

అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎప్పటినుంచి అలా కూర్చున్నారో.

"అది అడక్కూడదు. నీకు తెలుసు."

"సరే, ఏం చెప్పాడో చెప్పొద్దు. వదిన అనేది అబద్ధమని చెప్పు, చాలు."

అత్తగారు ఒళ్ళోని చీర కుచ్చెళ్ళు సర్దుకున్నారు.

"అమ్మా. కాదని చెప్పు."

"కొవ్వొత్తి దగ్గర అన్న మాటని అవునన్నా ఎత్తినట్టే, కాదన్నా ఎత్తినట్టే."

ఆ జవాబు విని పిచ్చుక తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది. మామగారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"విన్నాం తల్లీ," అన్నారు. "అందరం విన్నాం."

"మీరు!" అత్తగారు కుర్చీలోంచి సగం లేచారు.

"నేనేం చెప్పాను? విన్నామన్నాను." ఆయన కళ్ళద్దాలు పెట్టుకోబోతే చెవికి తగలక జారిపోయాయి.

పిచ్చుక తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. చేతుల మీది నీళ్ళు నేలమీద పడుతున్నాయి.

"వాణ్ణి నేనేమీ అనను," అంది చివరికి. ఎవరితోనో తెలియలేదు. తర్వాత వదిన వైపు చూసింది. "నువ్వు నా పక్కనే కూర్చున్నావు వదినా. ఆయన పుల్ల పట్టుకుని నీకోసం ఎదురుచూశారు. గీయకుండా ఆగారు. నువ్వు ఒక్కదానివే మిగిలావు."

"పిచ్చుకా, ఫోన్ చెయ్. ఇప్పుడే చెయ్. ఇంకా లోపలికి వెళ్ళి ఉండరు."

పిచ్చుక వేళ్ళు తడిసి ఉండడంతో ఫోన్ తెర పలకలేదు. చీరకు తుడుచుకుని మళ్ళీ నొక్కింది. "చెయ్యకు," అన్నారు అత్తగారు. ఆ గొంతు ఈసారి ఒక ఎత్తులో లేదు. "ఆగు, ముందు నా మాట విను. వాడికి కేసైతే నేను చచ్చిపోతాను. విను."

ఫోన్ మోగుతున్న చప్పుడు గదంతా వినిపిస్తోంది. మోగి మోగి ఆగబోతుండగా ఎవరో ఎత్తారు.

"చెల్లాయ్, నేను." అన్నయ్య గొంతు. దగ్గరగా, మెల్లిగా, ఆస్పత్రి వరండాలో మాట్లాడినట్టు. "బావ ఇప్పుడే లోపలికెళ్ళాడు. లోపలికి ఫోన్లు తేకూడదట, నా చేతికిచ్చి వెళ్ళాడు. తలుపేసుకున్నారు. నువ్వేం కంగారుపడకు. ధైర్యంగానే ఉన్నాడు. నేనిక్కడే ఉన్నాగా, వచ్చేదాకా కదలను."

పిచ్చుక పెదాలు కదిలాయి. ఎదురుగా అత్తగారు రెండు చేతులూ జోడించి, తల అడ్డంగా ఊపుతున్నారు.

"అన్నయ్యా," అంది పిచ్చుక.

ఆ తర్వాత మాట రాలేదు.